వినిపించిన తెలుగు, కనిపించిన తెలుగు



1980లలో జాతీయ పురస్కారాలు అందుకున్న తెలుగు సినిమాలకు ఒక వరస కట్టి, ఎందుకా వరసో చెప్పమని నిర్వాహకులు అడిగారు. కళాఖండాలకు ఒకటీ రెండూ అని నంబర్లు వేయడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. వీటిలో ముందు ఏది చూడాలని ఇంట్లో పిల్ల అడిగితే, అన్నీ గొప్పవే అనడం జవాబు కాదు, తప్పించుకోవడం. పురస్కారాలిచ్చినవాళ్లు కూడా వరస కట్టినవాళ్లే. కాకపోతే వాళ్లది ఒక్క ఏడాది వరస. ఆ ఏడు నిర్మాతలు పోటీకి పంపిన సినిమాలు చూస్తారు, వాటిలో మేలైనదానికి పతకమిస్తారు, లేచి వెళ్లిపోతారు. మరుసటి ఏడు వేరే న్యాయనిర్ణేతలు, వేరే సినిమాలు. అందుకే 1982లో రజతకమలం వచ్చిన సినిమా గొప్పదా, 1988లో వచ్చినది గొప్పదా అనే ప్రశ్న ఆ గదుల్లో ఎప్పుడూ పుట్టదు. ఆ పని ప్రేక్షకులది. పదేళ్లను ఒకచోట పరిచి చూడగలిగేది మనమే.

మొదట లెక్క సరిచూసుకుందాం. శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. జాతీయ పురస్కారాలకు సెన్సారు సర్టిఫికెట్ తేదీ ప్రమాణం కాబట్టి దాన్ని 1979 ఖాతాలో వేశారు. జనం చూసింది 80లో, ఆ దశాబ్దమంతా దాని నీడలోనే నడిచింది. కాబట్టి నేను దాన్ని ఎనభైల సినిమాగానే తీసుకుంటున్నాను. ఆ తరవాత ఉత్తమ తెలుగు చిత్రాలుగా ఎంపికైనవాటిలో యు. విశ్వేశ్వరరావు గారి హరిశ్చంద్రుడు, భారతీరాజా సీతాకోకచిలుక, దాసరి మేఘసందేశం, బి. నర్సింగరావు రంగులకల, వంశీ సితార, క్రాంతికుమార్ స్రవంతి, విశ్వనాథ్ స్వాతిముత్యం, మళ్లీ నర్సింగరావు దాసి, చివర్లో విశ్వనాథ్ సూత్రధారులు ఉన్నాయి. వేరే విభాగాల్లో సాగరసంగమం, మయూరి, రుద్రవీణ, గీతాంజలి గెలిచాయి. మంచి పంట పండిన దశాబ్దమే.

ఇప్పుడు ఈ జాబితాలో నాకు కనబడుతున్న సంగతి చెబుతాను. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టే తిరుగుతుంది.

శంకరాభరణానికి జనరంజక చిత్రంగా వచ్చిన స్వర్ణకమలంతో పాటు సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పురస్కారాలు అందుకున్నారు. మేఘసందేశానికి రమేశ్ నాయుడు, ఏసుదాస్, సుశీల. సాగరసంగమానికి ఇళయరాజా, బాలసుబ్రహ్మణ్యం. సితారకు జానకి. రుద్రవీణకు మళ్లీ ఇళయరాజా, మళ్లీ బాలసుబ్రహ్మణ్యం. 1979 నుంచి 1988 దాకా పదేళ్లలో ఉత్తమ సంగీత దర్శకుడి పురస్కారం నాలుగుసార్లు తెలుగు సినిమాకు వచ్చింది. 1980లో ఆ పురస్కారం హీరక్ రాజార్ దేశేకి సత్యజిత్ రాయ్ గారు తీసుకున్నారు. అంటే మనవాళ్లు పోటీపడినది ఎలాంటివాళ్లతోనో తెలుస్తుంది.

అదే కాలంలో దేశంలోకెల్లా ఉత్తమ చిత్రం స్వర్ణకమలం ఎటు పోయిందో చూడండి. 1980లో మృణాల్ సేన్ అకాలేర్ సంధానే. 1981లో గౌతమ్ ఘోష్ దఖల్. 1982లో ఉత్పలేందు చక్రవర్తి చోఖ్. మూడేళ్లు వరసగా బెంగాలీ సినిమాలే. ఉత్తమ చిత్రం స్వర్ణకమలం ఒక తెలుగు సినిమాకు మొట్టమొదటిసారి దక్కింది 2015 సంవత్సరానికి, బాహుబలి మొదటి భాగానికి. ఎనభైల్లో దేశం తెలుగు సినిమాను విన్నది. చెవులప్పగించి, తలవంచి విన్నది. చూడడానికి మాత్రం ఎక్కువగా వేరే భాషల దగ్గరికి వెళ్లింది.

దీనికి దేశాన్ని తప్పుపట్టలేను. మనం వినిపించడానికి పెట్టిన శ్రద్ధ చూపించడానికి పెట్టలేదు. మన దర్శకులకు పాట పుట్టే చోటు తెలుసు, రాగం తెలుసు, వేటూరి లాంటి కవి దొరికాడు. కానీ ఒక మనిషి పొద్దున లేచి రాత్రి పడుకునేలోగా చేసే పని ఏమిటి, ఆ పని చేసే చేయి ఎలా ఉంటుంది, ఆ గదిలోకి వెలుతురు ఎటునుంచి పడుతుంది అన్నవాటి దగ్గర మన కెమెరా ఎక్కువసేపు ఆగలేదు. ఆగిన చోట అద్భుతాలు జరిగాయి. నా వరసకు కొలబద్ద అదే. పాటలు తీసేసినా ఆ సినిమాలో ఏం మిగులుతుందని అడిగాను.

ఈ కొలబద్ద ఖరగ్‌పూర్‌లోనే నా చేతికి వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మన తాతలు వచ్చారు. గోల్‌బజార్, మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ పొడుగునా తెలుగు ఇళ్లు లేచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనక ఈ రైల్వే క్వార్టర్లలో నూరేళ్లకు పైగా బతికిన తెలుగు ఉంది. మన ఇళ్లకు సినిమా రెండు దారుల్లో వచ్చేది. సెలవుల్లో పాస్ మీద ఊరికి వెళ్లినప్పుడు అక్కడి హాళ్లలో పెద్ద హీరోల సినిమాలు చూసేవాళ్లం. ఇక్కడున్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్. ఇంగ్లిషు సబ్‌టైటిళ్లతో ఒక్కోవారం ఒక్కో భాష సినిమా వేసేవాడు. తెలుగు వంతు వచ్చిన ఆదివారం టీవీ ఉన్న ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. అలా వచ్చేవి చాలావరకు పురస్కారాలు అందుకున్నవే. ఊళ్లో చుట్టాలు పేరు కూడా వినని సినిమాలు కొన్ని మన కాలనీ పిల్లలకు తెలిసింది అందుకే.

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు టైటిల్స్ పడుతున్నంతసేపూ ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. హీరో ఎవరో అందరికీ తెలుసు, కెమెరా ఎవరో చూడండిరా, గోడలకు రంగు వేయించిందెవరో చూడండిరా అనేవారు. వర్క్‌షాపులో బోగీ బయటికి వస్తే దాని మీద ఫిట్టర్ పేరు ఉండదు, సినిమాలో ఉంటుంది, అది చదవకపోతే పాపం అని ఆయన నమ్మకం. పక్క క్వార్టర్ బెంగాలీ కుటుంబం కూడా మాతో కూర్చునేది. సినిమా అయ్యాక వాళ్లు మెచ్చుకునేది ఎక్కువగా పాటలను. అది మర్యాదకు చేసిన మెప్పు కాదు, నిజమైన మెప్పే. కానీ వాళ్లు రాయ్‌నీ, సేన్‌నీ తలచుకునేటప్పుడు ఆ సినిమాలో ఇల్లు, వీధి, మనిషి ముఖం తలచుకునేవాళ్లు. మన సినిమా గురించి అలా మాట్లాడే రోజు ఎప్పుడొస్తుందా అని నాకుండేది.

ఆ రోజు దాసితో వచ్చింది. నా వరసలో మొదటి స్థానం దానిది.

1988 సంవత్సరానికి దాసి ఐదు జాతీయ పురస్కారాలు అందుకుంది. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, వస్త్రాలంకరణకు సుదర్శన్. ఈ ఐదింటినీ మరోసారి మనసులో చదువుకోండి. ఒక్కటి కూడా పాటకు కాదు. నటనకు, వెలుతురుకు, గోడకు, గుడ్డకు వచ్చాయి. ఆ దశాబ్దంలో మన సినిమా చరిత్రను రెండుగా కోసే గీత ఇదేనని నా నమ్మకం.

కథ 1920ల తెలంగాణది. పెళ్లికూతురితో పాటు కట్నంలో భాగంగా దొర గడీకి వచ్చిన కమలాక్షి అనే ఆడబాప బతుకు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆమె చేసే చాకిరీని కెమెరా తొందరపడకుండా చూస్తుంది. మాటలు బహు తక్కువ. పిలిస్తే పలకడం, చెప్పింది చేయడం తప్ప ఆమెకు సంభాషణే ఉండదు. పగలు చాకిరీ, రాత్రి దొర పడక. కడుపు పండితే ఆ బిడ్డను కనాలో వద్దో తేల్చేది కూడా గడీయే. ఇంత దుర్మార్గాన్ని చూపిస్తూ దర్శకుడు ఎక్కడా గొంతు పెంచడు, మన చేత కన్నీళ్లు పెట్టించడానికి వయొలిన్లు పిలిపించడు. అర్చన ముఖాన్ని మన ముందు ఉంచుతాడు. అంతకు ముందు ఏడే తమిళంలో బాలూ మహేంద్ర తీసిన వీడుకి ఆమె ఉత్తమ నటి అయింది. వరసగా రెండో ఏడు, ఈసారి తెలుగుకు అయింది. వైకుంఠం గారి బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్లను చూసినవాళ్లకు ఆయన ఆ ఊళ్లను, ఆ కట్టుబొట్టును ఎంత దగ్గరగా ఎరుగుదురో తెలుసు. ఇక బీర్ గారు మన పక్క రాష్ట్రం ఒడిశా మనిషి. గడీలోని చీకటి ఆయన చేతిలో ఒక పాత్రే అయింది. గుమ్మం దాటి వెలుగు ఎంతవరకు వస్తుందో, కమలాక్షికి ఎంతవరకు వెళ్లే అనుమతి ఉందో రెండూ ఒకే కొలతగా అనిపిస్తాయి.

ఈ సినిమా వెనక బెంగాల్ ఉందని ఈ సభలో చెప్పకపోతే అన్యాయం. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కఫన్ కథను తెలుగులో ఒక ఊరి కథగా తీశారు. అది ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రమైంది. తరవాత గౌతమ్ ఘోష్ తన మొదటి కథాచిత్రాన్ని బెంగాలీలో కాదు, తెలుగులో తీశారు. అదే మాభూమి. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలంగాణ రైతాంగ పోరాటం మీద వచ్చిన సినిమా, 1980 మార్చిలో విడుదలైంది. దాని నిర్మాతల్లో ఒకరు నర్సింగరావు. ఒక బెంగాలీ దర్శకుడి పక్కన నిలబడి, కెమెరాతో ఒక ఊరిని ఎలా చూడాలో ఆయన గమనించారు. అక్కడినుంచి రంగులకల, అక్కడినుంచి దాసి. మన తాతలు ఇటు వచ్చి రైలు పెట్టెలు కట్టారు, వాళ్లు అటు వచ్చి మన సినిమాకు ఒక చూపు ఇచ్చారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించి ఖరగ్‌పూర్‌లో మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

రెండో స్థానం సాగరసంగమానికి. పాటల వల్ల కాదు. పాటలకు రావలసిన పురస్కారాలు ఎలాగూ వచ్చాయి. ఈ సినిమాకు రెండో స్థానం ఎందుకంటే, తెలుగులో విమర్శకుణ్ణి కథానాయకుడిగా పెట్టి, అతని బాధను ఇంత గంభీరంగా చూపిన సినిమా నాకు ఇంకోటి కనబడదు. పత్రికాఫీసు సన్నివేశం గుర్తుచేసుకోండి. తాగుడికి బానిసైన బాలు ఒక నర్తకి ప్రదర్శన మీద కఠినంగా రాశాడు. నిలదీయడానికి మనుషులొచ్చారు. అతను వాదించడు. అక్కడే, కుర్చీల మధ్య, పంచభూతాల అభినయం వేరువేరు నాట్యరీతుల్లో ఎలా ఉండాలో చేసి చూపిస్తాడు. తప్పు పట్టినవాడికి ఒప్పు చేసి చూపే శక్తి ఉండాలని విశ్వనాథ్ గారు ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పారు. పురస్కారాల గురించి, వరసల గురించి మాట్లాడే నాబోటివాళ్లందరూ ఏటా ఒకసారి ఆ సన్నివేశం చూడాలి.

ఇంకో సన్నివేశం. మాధవి చేతికిచ్చిన నాట్యోత్సవం ఆహ్వాన పత్రికను బాలు తిరగేస్తుంటాడు. మహామహుల ఫొటోలు ఒక్కొక్కటీ చూసి పొంగిపోతూ పేజీలు తిప్పుతాడు. ఒక పేజీలో తన ఫొటో. కమల్‌హాసన్ ముఖంలో మొదట అర్థం కాకపోవడం, తరవాత నమ్మలేకపోవడం, ఆ తరవాత నవ్వా ఏడుపా తెలియని స్థితి. గుర్తింపు అనేది మనిషిని ఏం చేస్తుందో ఆ కాస్త నిడివిలో ఉంది. పతకాల జాబితాలు చదివేటప్పుడు నాకు ఆ ముఖమే గుర్తొస్తుంది. తల్లి పోవడంతో ఆ వేదిక అతనికి దక్కదు. ప్రతిభకూ గుర్తింపుకూ మధ్య ఒక్క రాత్రి దూరం చాలని ఆ సినిమాకు తెలుసు.

మూడోది శంకరాభరణం. దీన్ని మొదట పెట్టనందుకు ఇక్కడున్న పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి. సోమయాజులు గారు మన శ్రీకాకుళం జిల్లా లుకలాం మనిషి. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ, కన్యాశుల్కంలో రామప్పపంతులు వేషంతో పేరు తెచ్చుకున్న నటుడు. ఆయన నడక, ఆ చూపు, ఆ మౌనం పాటలు తీసేసినా మిగులుతాయి. మంజుభార్గవి తులసి కూడా మిగులుతుంది. బాలూ మహేంద్ర కెమెరా మిగులుతుంది. కానీ ఆ సినిమా పాశ్చాత్య సంగీతాన్ని, కొత్త కుర్రాళ్లను మరీ తేలిగ్గా ఓడించేసింది. అర్ధరాత్రి ఇంటి ముందు చేరి గోలచేసిన కుర్రాళ్లకు శాస్త్రిగారు బుద్ధి చెప్పే సన్నివేశంలో చప్పట్లు కొట్టడం సులువు. అవతలివాడికి కూడా ఒక సంగీతం ఉంటుందని ఒప్పుకుని ఉంటే ఆ సినిమా ఇంకా పెద్దదయ్యేది. మూడేళ్లకే అదే దర్శకుడు సాగరసంగమంలో గొప్ప కళాకారుణ్ణి గెలిపించకుండా చూపించాడు. అందుకే అది రెండు, ఇది మూడు.

నాలుగు రంగులకల. హైదరాబాదు బస్తీల మధ్య ఒక చిత్రకారుడి కథ, ఆ పాత్ర నర్సింగరావు గారే వేశారు. బొమ్మ ఎవరికోసం వేయాలన్న ప్రశ్న పట్టుకుని సినిమా అంతా తిరుగుతాడు. కొన్నిచోట్ల తడబడుతుంది. మొదటి సినిమా తడబాటు అది, దాన్ని గౌరవిస్తాను. ఐదు సితార. వంశీ తన నవల మహల్లో కోకిలనే సినిమాగా తీశారు. పాడుబడిన రాజసౌధంలో బందీగా పెరిగిన అమ్మాయి, బయట గోదావరి. అనిల్ మల్నాడ్‌కు ఎడిటింగ్ పురస్కారం వచ్చిందంటే ఊరికే రాలేదు. ఆ భవనంలో కాలం కదలనట్టు, గోదావరి ఒడ్డున పరుగెత్తినట్టు అనిపించడం ఆ కత్తెర పనే.

ఇక్కడ ఒక్కమాట పక్కకు వెళ్లి చెప్పాలి. శంకరాభరణం, సీతాకోకచిలుక, సాగరసంగమం, సితార, స్వాతిముత్యం, ఈ ఐదు సినిమాల నిర్మాత ఒక్కరే. పూర్ణోదయా ఏడిద నాగేశ్వరరావు గారు. ఒక దశాబ్దపు పురస్కారాల జాబితాలో దాదాపు మూడోవంతు ఒకే మనిషి జేబులోంచి వచ్చింది. నిర్మాతలకు ఎవరైనా వరస కడితే మొదటి పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు. 2015లో ఆయన పోయారు. సినిమా అంటే హీరో పేరో దర్శకుడి పేరో చెప్పుకుని ఊరుకునే మనం ఆయన పేరు కూడా పిల్లలకు నేర్పాలి.

ఇక స్వాతిముత్యం. ఆస్కార్ పోటీకి దేశం తరఫున వెళ్లిన సినిమా, కోట్లమంది గుండెల్లో ఉన్న సినిమా. దాన్ని మొదటి ఐదింట్లో పెట్టలేదు. కారణం ఒక్కటే. శ్రీరామనవమి కల్యాణం నాడు శివయ్య అందరి ముందూ లలిత మెడలో తాళి కట్టేస్తాడు. ఆమెను అడగడు. అతని అమాయకత్వం చూసి మనం కరిగిపోతాం. కానీ ఆ క్షణంలో కెమెరా లలిత వైపు నిలబడి, ఈమెకు ఇష్టమేనా అని అడిగి ఉండాల్సింది. రాధిక తన నటనతో ఆ ప్రశ్న వేసింది, కథ వేయలేదు. దాసిని మొదట పెట్టిన చేత్తో దీన్ని రెండో మూడో పెట్టలేకపోయాను.

మేఘసందేశం పాటలు తీసేస్తే నా చేతిలో కథ మిగలడం లేదు. గీతాంజలి 1989లో జనరంజక చిత్రంగా స్వర్ణకమలం తెచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. పి.సి. శ్రీరామ్ ఛాయాగ్రహణం కన్ను తిప్పుకోనివ్వదు. కానీ ఆ మంచులో ఉన్నది ఏ ఊరి మనుషులో తెలియదు. రుద్రవీణను బాలచందర్ ధైర్యంగా తీశారు. చిరంజీవి లాంటి నటుడు తన ఇమేజిని పక్కనపెట్టి చేశాడు, ఆడలేదు, జాతీయ సమైక్యతకు నర్గీస్ దత్ పురస్కారం వచ్చింది. ఆ ధైర్యానికి ఆరో స్థానం ఇస్తాను. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించిన మయూరి ఏ వరసలోనూ ఇమడదు. ఆమెకు న్యాయనిర్ణేతలు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. అది వాళ్లు చేసిన మంచి పనుల్లో ఒకటి.

చివరగా ఈ సభకు ఒక విన్నపం. ఇందాక 1981 స్వర్ణకమలం దఖల్‌కి వచ్చిందన్నాను. ఆ సినిమా నాయిక అంది, కాకమారా అనే సంచార జాతి ఆడమనిషి. కాకమారాలు ఎప్పుడో ఆంధ్ర నుంచి వలస వచ్చి ఈ మేదినీపూర్ ప్రాంతంలో స్థిరపడ్డవాళ్లు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది తెలుగే. భర్త చనిపోయాక ఆమె సాగుచేసుకుంటున్న భూమిని లాక్కోవాలని జమీందారు చూస్తాడు, ఆమె వదలదు. ఆ వేషం వేసిన మమతా శంకర్ అంతకుముందు ఒక ఊరి కథలోనూ నటించారు. అంటే ఎనభైల్లో దేశం అత్యుత్తమమని ముద్రవేసిన ఒక బెంగాలీ సినిమా మధ్యలో, మన జిల్లాలోనే ఉన్న తెలుగు మూలాల ఆడమనిషి ఉంది. తెలుగువాళ్ల జాబితాలో ఆ సినిమా ఎక్కడా కనబడదు, భాష బెంగాలీ కాబట్టి. ఖరగ్‌పూర్ జాబితాలో ఉండాలి.

వచ్చే ఏడాది ఈ రోజుకు ఉపన్యాసం వద్దు. మధ్యాహ్నం దఖల్ వేయండి, సాయంత్రం దాసి వేయండి. మొదటిదానికి తెలుగు సబ్‌టైటిళ్లు, రెండోదానికి బెంగాలీ సబ్‌టైటిళ్లు కావాలి. రాయడానికి రెండు భాషలూ వచ్చిన పిల్లలు ఈ ఊళ్లో ఇంటికొకరున్నారు. పక్క క్వార్టర్లవాళ్లను పిలవండి. చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న కాకమారా కుటుంబాలను కూడా పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. సినిమాలయ్యాక వాళ్లు మాట్లాడతారు, మనం విందాం.